కొమురెల్లి పూత

కొమురెల్లికి ఎదుటి మనిషి ముఖం ఖాళీగా కనబడితే చేతులు ఊరుకోవు. దానికి ఏదో ఒకటి పూయాల్సిందే. శనగపిండి, పెసరపిండి, ముల్తానీ మట్టి, పాల మీగడ, కలబంద గుజ్జు, ఎండబెట్టి దంచిన నారింజ తొక్కలు... మనిషిని చూడగానే ఆయనకు పేరు గుర్తుకు రాదు, పూత గుర్తుకొస్తుంది. గోదావరిఖని కార్మిక కాలనీలో పన్నెండేళ్ళుగా ఆయన పక్క క్వార్టర్‌లో కాపురముంటున్న సత్యవతి టీచరుకు ఈ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సత్యవతి వాళ్ళు ఆ క్వార్టర్‌లో దిగిన రోజున లారీలోంచి బీరువా ఇంకా కిందికి దించనే లేదు, గోడ మీంచి ఒక తలకాయ లేచింది.

"టీచరమ్మా, మీ మొఖం మస్తు పొడిబారింది. సామాను యాడికి పోదు గని, ముందుగాల జర మీగడ రాసుకోండ్రి."

సత్యవతి చెప్పేది సైన్సు పాఠాలు. ముఖానికి సబ్బు, నీళ్ళు చాలని ఆమె సిద్ధాంతం. ఆ మాటే చెప్పింది. కొమురెల్లి ఆమె వంక జాలిగా చూశాడు. డాక్టర్లు రోగం ముదిరినవాళ్ళను అలాగే చూస్తారు.

గని మీద ఆయన డ్యూటీ ల్యాంపు రూంలో. కిందికి దిగే ప్రతి కార్మికుడూ నెత్తిన పెట్టుకునే లైటు కోసం ఆయన కిటికీ ముందు నిలబడాలి. అంటే, ప్రతి షిఫ్టుకూ వందల ముఖాలు వాటంతటవే నడిచి ఆయన ముందుకు వస్తాయన్నమాట. అదే కాలనీలో ఉండే వీరేందర్‌తో రోజూ పేచీయే.

"వీరేందర్, నీ ముక్కు మీద నూనె కారుతున్నదిరా. ముల్తానీ మట్టి పెట్టు."

"అన్నా, లైటియ్యి. లేటైతున్నది."

"వారానికి ఒక్కసారి, పన్నీటితోటి కలిపి..."

"ఎనిమిది గంటలు బొగ్గుల ఉండెటోనికి ముక్కు మీద నూనెంటే ఏంది, ఆముదమంటే ఏందే?"

"గందుకే చెప్తున్న. బొగ్గు గన్లనే ఉంటది. మొఖం నీతోటి ఇంటికొస్తది."

ఇక ఇంట్లో ఆయన భార్య జమున బాధ వేరు. "మా ఇంట్ల బజ్జీలేసి ఏడేండ్లయితున్నది సత్యవతక్కా" అని వాపోయేది. "శనగపిండి డబ్బా ఎప్పుడు తెరిసినా అడుగే కనబడ్తది." ఒకసారి కోపమొచ్చి ఆమె శనగపిండిని గోధుమపిండి డబ్బాలో దాచి, శనగపిండి డబ్బాలో బట్టల సబ్బుపొడి పోసింది. కొమురెల్లి చీకటి వంటింట్లో అదే తీసి, పెరుగుతో కలిపి పట్టించుకున్నాడు. ముఖమంతా నురగ. "చూసినవా జమునా! లోపలి మురికి ఎట్ల పొంగుతున్నదో!" అని అద్దం ముందు మురిసిపోయాడు. కళ్ళు మండిన తరువాతగానీ అది మురికి మహిమ కాదని తెలియలేదు.

అలాగని ఆయన దగ్గర నీతీ నియమమూ లేవనుకోవద్దు. కొత్త పూత ఏదైనా ముందు మోచేతి మడతలో రాయించి ఒక రోజు ఆపేవాడు. "దురద వెడితే చెయ్యి అంగీల దాసుకుంటవు. మొఖం యాడ దాసుకుంటవు?" అనేవాడు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతానన్న వాళ్ళను తిట్టి పంపించేవాడు. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉండేది. ఎవరైనా "కాకా, తెల్లగైతనా?" అని అడిగితే గిన్నె పక్కన పెట్టేసేవాడు.

"తెల్లగ కావాలంటే సున్నం కొట్టించుకో. గోడలకేస్తరు సూడు, గది. నేను మెరుపిస్త. రంగియ్య."

ఆయన వైద్యం ఎప్పుడూ వికటించలేదని కాదు. ఒక ఎండాకాలం కస్తూరి పసుపు దొరకక, కూరల్లో వేసే పసుపునే గుప్పిళ్ళతో కలిపేశాడు. మర్నాడు ఫస్టు షిఫ్టుకు పదకొండు మంది గుమ్మడిపువ్వుల్లా తయారై వచ్చారు. గనిలో పని చూసే ఓవర్‌మన్ వాళ్ళను వరసగా చూసి, "ఇయ్యాల ఎవని పెండ్లిరా?" అన్నాడు. పదకొండు వేళ్ళూ ల్యాంపు రూం కిటికీ వైపు చూపించాయి. మూడు రోజులపాటు బొగ్గు కడిగితే కింద పసుపు, పసుపు తుడిస్తే మీద బొగ్గు.

సత్యవతి భర్త నతానియేలు మెత్తని మనిషి. ఆఫీసులో గుమస్తా. కాదనడం ఆయనకు చేతకాదు. ఒక సాయంత్రం కొమురెల్లి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి ముల్తానీ మట్టి దట్టంగా పట్టించి, "ఆరేదాక మూతి కదిలించొద్దు. కదిలిస్తే ముడుతలు పడ్తయి" అని శాసించి పోయాడు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు వచ్చారు. "వందనాలు బ్రదర్" అన్నారు. జవాబు లేదు. బిగుసుకుపోయిన బూడిద రంగు ముఖం, గిరగిరా తిరుగుతున్న కళ్ళు. పక్షవాతమే అనుకుని పాస్టరుగారు నెత్తి మీద చెయ్యిపెట్టి పెద్ద గొంతుతో ప్రార్థన ఎత్తుకున్నారు. సత్యవతి బడి నుంచి వచ్చేసరికి ప్రార్థన పూర్తయింది. నతానియేలు ఆమెన్ అననందుకు పాస్టరుగారు అలిగి కూర్చున్నారు. అలిగిన ముఖానికి కలబంద మంచిదని, అప్పటికే తిరిగొచ్చిన కొమురెల్లి ఆయనకూ ఒక చెంప పూర్తి చేశాడు.

"అన్నా, ఇంకొకసారి మా ఇంటిల గిన్నె వట్టుకొని కనబడితే బాగుండదు!" అని సత్యవతి అరిచింది.

"కోపం తెచ్చుకోకుండ్రి టీచరమ్మా. నొసటి మీద గీతలొస్తయి."

ఇలా నడుస్తుండగా, సత్యవతి కూతురు ఫెబాకు పందొమ్మిదో ఏట చేతుల మీద తెల్ల మచ్చలు మొదలయ్యాయి. మొదట వేళ్ళ చివర, తరువాత మణికట్టు దగ్గర, తరువాత పెదవి పక్కన. దవాఖానకు పోయారు. చర్మం డాక్టరు పరీక్షించి, ఇది అంటేది కాదు, ప్రాణానికి ముప్పూ లేదు, మందులు ఓపిగ్గా వాడాలి అన్నాడు. అది డాక్టరు మాట. కాలనీ మాట వేరేగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే రావడం తగ్గించారు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడిపోయేవారు.

సత్యవతి ఊరుకునే మనిషి కాదు. చార్టు మీద చర్మం పొరలన్నీ రంగు పెన్సిళ్ళతో గీసి, ఎదురింటి లస్మవ్వను కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పింది. డెబ్బై ఏళ్ళ లస్మవ్వ కళ్ళార్పకుండా వింది.

"మస్తు మంచిగ చెప్పినవు బిడ్డా" అని లేచింది. "చాయ్ మాత్రం వద్దు."

ఫెబా చర్చి మానేసింది. కాలేజీకి పొడుగు చేతుల అంగీ, బండి నడిపే ఆడపిల్లలు కట్టుకున్నట్టు మూతికి చున్నీ. మిగిలిన పొద్దంతా కిటికీ దగ్గరే.

ఇక కొమురెల్లి ఏం ఆకులు, ఏం పసర్లు పట్టుకొస్తాడోనని సత్యవతి కాచుకుని కూర్చుంది. రానీ, గిన్నె విసిరికొడతాను అనుకుంది. వారం గడిచింది, నెల గడిచింది. కరెంటు స్తంభానికి కూడా పూత చెప్పగల మనిషి ఫెబాకు ఏమీ చెప్పలేదు. చివరికి ఫెబాయే గోడ దగ్గర నిలబడి అడిగింది.

"కాకా, వీటికేమన్న ఉన్నదా నీ దగ్గర?"

"లేదు బిడ్డా. దానికి డాక్టరు మందే. తొందర వడకు, మందు ఇడువకు. నా దగ్గరున్నయన్ని సోకు మందులు." అంతే అన్నాడు. లోపల నుంచి విన్న సత్యవతికి విసిరికొట్టడానికి గిన్నె దొరకలేదు.

ఆ తరువాతి ఆదివారమే కొమురెల్లి చేతికి దెబ్బ తగిలింది.

వీరేందర్ చెల్లెలి పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది. వీడియో తీస్తారని తెలిసి ఆడవాళ్ళంతా కొమురెల్లి వాకిట్లో వరస కట్టారు. అందరికంటే ముందు లస్మవ్వ. కొమురెల్లి చేతికి తెల్లగుడ్డ చుట్టుకుని బయటికి వచ్చాడు.

"రోకలి వడ్డది. ఇయ్యాల రాసుడు బందు."

గోల గోలయింది. కొమురెల్లి గడ్డం గోక్కున్నాడు. "ఒక మెత్తని చెయ్యి ఉంటే నడుస్తది గని..." అంటూ వరసలోని చేతులన్నీ పరీక్షించాడు. ఒకామె గోళ్ళు పెద్దవన్నాడు. ఇంకొకామె ఉల్లిగడ్డ కోసిందన్నాడు. మరొకామె చేతిలో వేడి ఎక్కువ, పెరుగు విరుగుతుందన్నాడు. జమున చెయ్యి చాచబోతే, "నీ చెయ్యి వడితే తోలూడుతది" అన్నాడు. జమున రెండు నిమిషాలు ఆయన్ను తిట్టింది. తిట్లు అయ్యాక ఆయన పక్క క్వార్టర్ కిటికీ వైపు తిరిగాడు.

"ఫెబా బిడ్డా! ఓసారి ఇటురా. చున్నీ తీసి రా, పిండిల పడ్తది."

ఆ పిల్ల వచ్చింది. కొమురెల్లి మచ్చలున్న ఆ రెండు చేతులనూ తన మంచి చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బంగారం చూసినట్టు చూశాడు. "ఇగో, చెయ్యంటే గిది!" అని గిన్నె ఆమె చేతుల్లో పెట్టాడు.

వరసలో ఒకరు వెనక్కి జరిగారు.

"సరుకు తక్కువున్నది" అన్నాడు కొమురెల్లి ఎటో చూస్తూ. "ముందు కూసున్నోళ్ళకే. మీగడంత పైనే ఉన్నది."

లస్మవ్వ ఫెబా చేతుల వంక చూసింది. గిన్నెలో మీగడ వంక చూసింది. వెనక నిలబడ్డ తోటికోడలి వంక చూసింది. మీగడ ఆవిడకు పోతుందన్న ఆలోచన తట్టుకోలేక దబ్బున కూర్చుంది.

చర్చి నుంచి వచ్చిన సత్యవతి బైబిలు చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. లస్మవ్వ రెండు బుగ్గలూ ఫెబా అరచేతుల్లో ఉన్నాయి. "ముక్కు పక్కన వదిలిపెట్టినవే" అని ముసలమ్మ గదమాయిస్తోంది. "మూతి మూసుకో అవ్వా, నోట్ల పోతది" అని ఫెబా నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

రోకలి దెబ్బ ఒక పట్టాన మానలేదు. ప్రతి ఆదివారం కట్టు, ప్రతి ఆదివారం ఫెబా. ముఖానికి పూత పడితే అరగంట కదలకూడదు. కదలకుండా ఏం చేస్తారు? నాలుగో వారం లస్మవ్వ పళ్ళ మధ్య నుంచి, "ఫెబా, చాయ్ గావాలె. మూతి కదలొద్దంటివి, గొట్టం పెట్టి తే" అంది. ఫెబా తన వంటింట్లో చాయ్ కాచి, చల్లార్చి, జ్యూసు గొట్టం వేసి తెచ్చింది. లస్మవ్వ గ్లాసు అడుగుదాకా జుర్రింది. సత్యవతి తలుపు వెనక్కి పోయి కళ్ళు తుడుచుకుంది.

ఆమెకు అనుమానం తెచ్చింది వీరేందర్. "అక్కా, కొమురెల్లన్నకు డ్యూటీల కట్టు లేదు. ఇంటికొస్తే ఉంటది. గదేం దెబ్బ?" అన్నాడు. అప్పటి నుంచి ఆమె గమనిస్తోంది. ఒక వారం కుడి చేతికి, ఒక వారం ఎడమ చేతికి.

మూడు నెలలయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గోడ అవతల దంచుతున్న చప్పుడైంది. సత్యవతి తొంగిచూసింది. కొమురెల్లి రెండు చేతులా రోకలెత్తి పూతల్లో వాసనకు కలిపే కచ్చూరాలు దంచుతున్నాడు. కట్టుగుడ్డ మెడలో ఉంది. మధ్య మధ్య దానితో చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నా."

రోకలి గాల్లో ఆగిపోయింది. కొమురెల్లి దాన్ని కింద పెట్టి గబగబా ఎడమ చేతికి గుడ్డ చుట్టుకోసాగాడు.

"పోయిన వారం కుడి చెయ్యి."

ఆయన గుడ్డ కుడి చేతికి మార్చాడు.

"అంతకుముందు వారం ఎడమ."

రెండు చేతుల మధ్య గుడ్డ పట్టుకుని కొమురెల్లి నేల చూపులు చూశాడు.

"అసలు దెబ్బ తాకిందా అన్నా?"

"తాకలె టీచరమ్మా." గుడ్డ నలుపుతూ అన్నాడు. "మీరు బొమ్మ గీసి చెప్పిండ్రు గద, నేను గోడ కాడ నిలవడి విన్న. నాకు మంచిగ అర్థమైంది. కని వీళ్ళు చెవులతోటి వినేటోళ్ళు గాదు. మొఖంతోటి వినేటోళ్ళు."

సత్యవతి చేతిలోని తడిబట్ట గోడ మీద పెట్టేసింది. కళ్ళు నిండాయి.

"ఏడ్వకుండ్రి, ఏడ్వకుండ్రి" అని కంగారుపడ్డాడు కొమురెల్లి. "కండ్ల కింద ఉబ్బుతది. మల్ల కీరదోస కోసి పెట్టాలె. ఇంట్ల లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. వీధి గుమ్మం మీదుగా చుట్టూ తిరిగి ఆయన పెరట్లోకి వచ్చింది. అటు ముందు వాకిట్లో అప్పుడే వరస కడుతున్న చప్పుడు వినబడుతోంది. సత్యవతి ఆయన చేతిలోంచి గుడ్డ లాక్కుని దులిపింది. బడిలో పిల్లలకు ప్రథమ చికిత్స నేర్పేది ఆమే.

"చెయ్యి ఇటియ్యి. కుడిది."

"కుడిదా? అన్నమెట్ల తినాలె?"

"చెంచతోటి. అప్పుడే నమ్ముతరు."

నాలుగు వేళ్ళూ కలిపి, బొటనవేలు వదిలి, మణికట్టు దాకా చక్కగా చుట్టింది. కొస మడిచి పిన్నీసు పెట్టింది.

"గట్టిగైతున్నది టీచరమ్మా."

"గట్టిగనే ఉండాలె. నేను చెప్పెదాక విప్పొద్దు."

కొమురెల్లి తెల్లగా మెరుస్తున్న తన చేతిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి రేపు డ్యూటీల లైట్లెట్లియ్యాలె?"

"ఎడమ చేత్తోటి" అంది సత్యవతి టీచరు.