ఎండకు కూర్చోవడానికి వెళ్ళిన అమ్మ

మా అమ్మ పోయింది. పుష్యమాసం చలిలో, తెల్లవారుజామున, నిద్రలోనే. నేను షాద్‌నగర్‌లో డ్యూటీకి బయల్దేరుతూ తల దువ్వుకుంటుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ అమ్మ లేస్తలేదే," అన్నది. చాయ్ పెట్టి పిలిస్తే పలకలేదట. దుప్పటి మీద దుప్పటి కప్పుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని అట్లాగే ఉన్నదట.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్ళో వాళ్ళిద్దరివీ పక్కపక్క ఇళ్ళు, నడుమ గోడ కూడా లేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళందరూ అమ్మ గురించి ఒకే మాట అన్నారు. "పాపం, మస్తు కష్టపడ్డది." నాటు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది, బాపు పోయినంక ఒక్కతే నన్ను చదివించింది. అంతా నిజమే. అయినా వింటుంటే నాకు ఒళ్ళు మండింది. మనిషి బతుకంతా కలిపితే కష్టమేనా? మా అమ్మ పని చేయడానికి పెద్దగా పోరాడలేదు, పని ఎప్పుడూ ఉండేది. ఆమె పోరాడింది కూర్చోవడానికి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అమ్మ కుర్చీలో కూర్చున్నా అంచునే కూర్చునేది, ఎవరో పిలవబోతున్నట్టు. అన్నం పళ్ళెం చేతిలో పట్టుకుని నిలబడే తినేది. చాయ్ సాసర్‌లో పోసుకుని గడపలో నిలబడి ఊదుకుంటూ తాగేది. "జర కూసోని తాగవే," అని పెద్దమ్మ కసిరితే, "కూసుంటే లేవబుద్ధి కాదక్కా," అనేది. ఏళ్ళ తరబడి మడిలో నీళ్ళలో వంగి నాట్లు వేసిన మోకాళ్ళు చివరికి ఎదురు తిరిగాయి. చలికాలం వస్తే పొద్దున మంచం దిగడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. దవాఖానలో డాక్టర్, పని తగ్గించుకో, వెచ్చగా ఉండు అని చెప్పి పంపించాడు. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంట్ అయింది. ఎక్కడికైనా నాలుగు రోజులు తీసుకుపోతానని అమ్మకు మాటిచ్చాను.

ఆ మాటతో మా ఇంట్లో పంచాయితీ మొదలైంది.

నేను ఫోన్‌లో ఊటీ చూపించాను. మా దిక్కు జనమంతా ఎండకు అల్లాడేవాళ్ళే కదా, చల్లని జాగా అంటే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అమ్మ ఫోన్‌ను దూరం పెట్టి, కండ్లు చిన్నవి చేసి చూసింది. "గీ పొగ ఏందే? అందరు స్వెట్టర్లు ఏసుకుని నవ్వుతుండ్రు. పైసలిచ్చి సలి కొనుక్కుందమా?" మున్నార్ చూపించాను. అదీ చలే. అరకు కూడా అంతే.

"మరి ఎటు పోదాం, నువ్వే చెప్పు," అన్నాను విసుగ్గా.

"ఎండ ఉండాలె. ఇన్నేండ్లు ఎండల పని చేసిన గని, ఎండల కూసోలేదు. ఒక్కపారి కూసోవాలె." ఆ మాట అంటున్నప్పుడు కూడా నిలబడే ఉన్నది.

పెద్దమ్మకు ఇది మింగుడు పడలేదు. "ఊరికే పోయి కూసుంటరా ఎవరన్న? తిరుపతి పోండ్రి, పుణ్యమన్న వస్తది," అన్నది. పెద్దమ్మ గుడికి పోయే మనిషి. అమ్మ ఆదివారం చర్చికి పోయి వెనక బల్ల మీద కూర్చునేది. ఆ అక్కచెల్లెళ్ళ మధ్య దేవుడి దగ్గర తగాదా ఎన్నడూ రాలేదు. అమ్మ నవ్వి, "నీ దేవుని తాన లైన్ల నిలవడాలె, నా దేవుని తాన మోకాళ్ళ మీద వడాలె. నా మోకాళ్ళు రెంటికీ వశపడయి అక్కా," అన్నది.

అయినా ఇల్లు, పనులు అమ్మను వదిలితేనా. మొదటిసారి బ్యాగు సర్దుకున్నాక పెద్దమ్మ కొడుకు లగ్గం ఖాయమైంది. ఆ బ్యాగుతోనే అమ్మ పెండ్లికూతురి ఊరికి పెండ్లి పనులకు పోయింది. మళ్ళీ అనుకునేసరికి కరోనా వచ్చి బస్సులే బందయ్యాయి. ఆ తర్వాత మోకాళ్ళు చూపించడానికి హైదరాబాద్ పోతే, "గదే టూర్ అనుకోరాదు," అన్నారు చుట్టాలు. దవాఖాన వరండాలో నిలబడి టోకెన్ పిలుపు కోసం ఎదురుచూడడం టూర్ అట. నాకు ఆశ పోయింది. అమ్మకు మాత్రం పోలేదు.

ఒక మాఘమాసంలో తనే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది, పెద్దమ్మ అవతల వాకిట్లో ఉన్నట్టుంది. "శుక్రవారం హుజూర్‌నగర్ బస్టాండుకు రా. గుంటూరు దిక్కు మిరపకాయ ఏరనీకి పోతున్నని చెప్పిన."

నాకు అర్థం కాలేదు. "మిరపకాయకా? నీ మోకాళ్ళతోటి?"

"ఏరనీకి కాదే పిచ్చిదానా, సముద్రం కాడికి. పనికి పోతున్నంటే ఎవ్వరు ఆపరు. కూసోనీకి పోతున్నంటేనే అందరికి కడుపు నొస్తది."

అదీ మా అమ్మ ఉపాయం. మావైపు ఆడవాళ్ళు ఏటా మిరప కోతలకు గుంటూరు దిక్కు పోయేవాళ్ళే, అమ్మ కూడా ఎన్నో ఏళ్ళు పోయింది. గోడ పట్టుకుని నడిచే మనిషి కూలికి పోతున్నానంటే ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు, ఒద్దని ఒక్కరూ అనలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు, కోపమే వస్తుంది.

శుక్రవారం పొద్దున బస్టాండులో కూలి వేషంలోనే దిగింది. చీర మీద బాపు పాత చొక్కా, తలకు తువ్వాల, చేతిలో జొన్నరొట్టెల మూట. బస్సు ఊరు దాటాక చొక్కా విప్పి మడతపెట్టి సంచి అడుగున దాచింది. లోపల కట్టుకున్నది నేను కొనిపెట్టిన కొత్త చీర.

గుంటూరు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటు బస్సులోకి వచ్చి నేను తుమ్ముతూనే ఉన్నాను. అమ్మకు ఏమీ కాలేదు. కిటికీలోంచి చెయ్యి చూపిస్తూ, ఈ చేనుల పని చేసిన, ఆ షెడ్డుల పండుకున్న అని చెప్పుకుంటూ వచ్చింది. "ఇన్నిసార్లు ఇటొచ్చినవు, సముద్రం ఎన్నడు చూడలేదా?" అని అడిగాను. "గింత దగ్గరున్నదని ఎవరు చెప్పిండ్రే?" అన్నది. బాపట్ల దగ్గర ఒడ్డుకు కొంచెం దూరంలో చిన్న లాడ్జిలో దిగాం.

పొద్దున లేచీలేవగానే లాడ్జివాళ్ళను చీపురు అడిగింది. చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాక్కుపోయాను. అక్కడ ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలు, గొడుగులు అద్దెకిస్తున్నాడు. కుర్చీ తీసుకుని అమ్మ ఎండలోకి లాక్కుంది. ఆయన పరుగెత్తుకొచ్చి గొడుగు పాతాడు. అమ్మ కుర్చీ జరుపుకుంది. ఆయన గొడుగు జరిపాడు.

"ఎండలో మాడిపోతారమ్మా, నీడలోకి రండి," అన్నాడు.

"అన్నా, జర ఆగు. కూలిచ్చి నన్ను ఎండల నిలవెట్టినోళ్ళను మస్తు మందిని చూసిన. ఇయ్యాల కిరాయి కట్టి నేనే కూసున్న. నీ గొడుగు తీస్కపో."

ఆయన మా భాషకు తెల్లబోయాడో, మాటకు తెల్లబోయాడో గానీ, గొడుగు పీక్కుని నవ్వుకుంటూ పోయాడు.

కూర్చున్నదన్నమాటే గానీ చేతులు ఊరుకోలేదు. వంగి గవ్వలు ఏరడం మొదలుపెట్టింది. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, పగిలినవి ఇంకోవైపు. "అమ్మా, ఇది కూడా కూలేనా?" అన్నాను. చేతుల వైపు చూసుకుని సిగ్గుపడింది. గవ్వలు కింద పోసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నది. లేకపోతే అవి మాట వినేట్టు లేవు. కాసేపటికి కుర్చీ అంచు నుంచి మెల్లగా వెనక్కి జరిగింది. వీపు ఆనించింది. మా అమ్మ వీపు కుర్చీకి ఆనడం నేను చూడడం అదే మొదలు. కండ్లు మూసుకుని, ఎండకు మొహం ఎత్తి, మోకాళ్ళ మీద చీర జరుపుకుని చాలాసేపు ఉన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మంచిగున్నదా?" అని అడిగాను.

"మాట్లాడకే. కూసున్న," అన్నది.

ఉన్నన్ని రోజులూ అంతే. ఏ గుడీ చూడలేదు, ఏ బజారుకూ పోలేదు. నీళ్ళలో కూడా పాదాలు తడిసేదాకే దిగింది. ఎండ ముదిరితే లాడ్జికి వచ్చి అన్నం తిని, సాయంత్రం ఎండ ఉన్నంతసేపు మళ్ళీ కుర్చీ.

తిరిగొచ్చిన రోజే దొరికిపోయింది. బాపు చొక్కా తొడుక్కునే ఇంట్లోకి అడుగుపెట్టింది గానీ, పెద్దమ్మ వచ్చి చేతులు పట్టుకుని చూసింది. మిరప ఏరినవాళ్ళ చేతులు వారం దాకా మండుతాయి, దగ్గరికొస్తేనే ఘాటు తెలుస్తుంది. "గివి మిరప ఏరిన చేతులా?" అన్నది పెద్దమ్మ.

"కూసోని ఒచ్చిన అక్కా," అన్నది అమ్మ. అబద్ధం చెప్పలేదు, తల దించుకోలేదు.

పెద్దమ్మ ఒక పూటంతా తిట్టింది. చెప్పకుండా పోయినందుకు తిట్టిందో, తనను తీసుకుపోనందుకు తిట్టిందో నాకు ఇప్పటికీ తేలలేదు. తిట్టడం అయినంక గడపలో కూలబడి, "ఎట్లుంటదే?" అని అడిగింది.

"ఎచ్చగుంటది," అన్నది అమ్మ.

ఆ తర్వాతి చలికాలాలు ఇద్దరూ పొద్దున పనులు పక్కన పెట్టి, రెండు కుర్చీలు వాకిట్లో వేసుకుని ఎండకు కూర్చునేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు, "ఏందక్కా, పని లేదా?" అంటే, "లేదు," అని అమ్మే ముందు జవాబిచ్చేది.

అమ్మ పోయిన రోజు నేను షాద్‌నగర్ నుంచి ఊరు చేరేసరికి వాకిట్లో శామియానా వేసి ఉంది. మక్తల్ నుంచి మేనమామ రావాలి, వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అందుకని చుట్టాలు హుజూర్‌నగర్ నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. వైరు గుంజి, స్విచ్ వేశారు, అది గుర్రుమంటూ చల్లబడుతోంది. అమ్మను అందులోకి ఎత్తడానికి నలుగురు వంగారు.

"ఒద్దు," అన్నాను. "మా అమ్మను సలి పెట్టెల పెట్టనియ్య."

అందరూ నా మీద పడ్డారు. ఆచారం తెలవదు, ఏడుపుల తలకాయ పని చేస్తలేదు, పెట్టె కిరాయి పోతది, నలుగురు ఏమనుకుంటరు అన్నారు. నేను అమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. వదలదలుచుకోలేదు. అప్పటిదాకా ఓ మూల ఏడుస్తున్న పెద్దమ్మ లేచి వచ్చింది. పెట్టె స్విచ్ ఆర్పింది. పోయి శామియానా తాడు ముడి విప్పింది. ఒకవైపు గుడ్డ కిందికి జారి, ఎండ వాకిట్లోకి వచ్చింది.

మంచాన్ని ఇద్దరం కలిసి జరిపాం. ఎండ ముందు అమ్మ పాదాల మీద పడింది, తర్వాత మోకాళ్ళ మీద. ఎవరో గొడుగు తెచ్చి అమ్మ మొహానికి అడ్డం పట్టబోయారు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"గొడుగు తియ్యుండ్రి," అన్నది. "మా చెల్లె కూసున్నది."