అత్త రొంటిన రివాల్వర్

మా మేనత్త పోయిందన్న కబురు ఆమె పెట్రోల్ బంకు మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే ట్యాంకులో కొలకర్ర దించి డీజిల్ మట్టం చూసుకుని, ఆఫీసు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుని, టీ తెమ్మందట. టీ వచ్చేసరికి మనిషి లేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. మేనేజరు ఏడుస్తూనే, "దీదీ, వో చీజ్ కమర్ మే హీ హై. హమ్ హాత్ నహీ లగాయే" అన్నాడు. ఆ వస్తువు ఇంకా ఆమె నడుముకే ఉంది, మేమెవరమూ ముట్టుకోలేదు అని.

నేను ఏడవకుండా స్కూటీ తీశాను. ప్రేమ లేక కాదు. ఆమె నాకు ఏళ్ళ తరబడి చెప్పి ఉంచిన పని అది. "నాకేటైనా అయితే ముందు నువ్వు రా గుంటా. నా రొంటినున్నది తీసి ఠాణాలో ఇచ్చీ. ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని" అనేది. అలాగే చేశాను. తోలుసంచి విప్పి రివాల్వర్ బయటికి తీశాను. ఆమె నేర్పినట్టే గుండ్రటి చక్రం పక్కకి తెరిచి తూటాలన్నీ చేతిరుమాల్లో పోసుకున్నాను. మేనేజరుని వెంటబెట్టుకుని ఠాణాకి వెళ్ళి అప్పజెప్పి, రసీదు తీసుకున్నాను. తిరిగొచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాక అప్పుడు తనివితీరా ఏడ్చాను.

రాయపూర్‌లో మన తెలుగువాళ్ళలో బంకు అత్తని ఎరగని ఇల్లు తక్కువ. ఆవిడ నడుముకి రివాల్వర్ ఉంటుందని కూడా చాలామందికి తెలుసు. కొందరు దాన్ని అత్త వడ్డాణం అని వేళాకోళం చేసేవాళ్ళు. దొంగల భయానికి పెట్టుకుందని అందరూ అనుకున్నారు. అది సగమే నిజం. మిగతా సగం ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఇప్పుడు మావయ్యే "ఉన్నదున్నట్టు రాసీ, దాచడానికేటుంది" అన్నాడు కాబట్టి మీకూ చెబుతున్నాను.

మాది విజయనగరం వైపు. తాతయ్య రైల్వే ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. అత్త రైల్వే క్వార్టర్సులోనే పుట్టి పెరిగింది. పెళ్ళయ్యాక మావయ్య ఆరంగ్ వెళ్ళే దారిలో బంకు పెట్టాడు. బాగానే నడిచింది. కొన్నేళ్ళకి మావయ్యకి మనసు జబ్బు చేసింది. ముందు నిద్ర పోయింది, తర్వాత మాట పోయింది. ఒకరోజు తన ప్రాణం తనే తీసుకోబోయాడు. సమయానికి అత్త చూసింది కాబట్టి మనిషి దక్కాడు. ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుందనీ, మందులు మానకూడదనీ, ప్రమాదమైన వస్తువేదీ ఆయన చేతికందేలా ఉంచొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి మాత్రలు కూడా ఏ పూటవి ఆ పూట అత్తే ఇచ్చేది. బంకులో కుర్చీ కూడా తనే ఎక్కింది.

అలా నడుస్తుండగా, మా బంకుకి కాస్త అవతలున్న మరో బంకు మేనేజరుని, వసూలు డబ్బు బ్యాంకుకి తీసుకెళుతుంటే దారి కాసి పొడిచారు. అతను బతికాడు గానీ చెయ్యి పనికి రాకుండా పోయింది. మా బంకు డబ్బు కూడా రోజూ శంకర్ నగర్ బ్యాంకుకి అలాగే వెళ్ళాలి. అత్త ఆ మర్నాటి నుంచి మేనేజరుని పంపడం మానేసి తనే వెళ్ళడం మొదలుపెట్టింది. రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు కూడా పెట్టింది.

మా నాన్న, అంటే ఆమె అన్నయ్య, ఇంతెత్తున లేచాడు. "ఇంట్లో మనిషి అలగుంటే తుపాకీ తెస్తావేటే? బుర్ర ఉండే మాట్లాడతన్నావా?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అత్తకీ అనిపించే ఉంటుంది. అయినా, "డబ్బు నేను మొయ్యకపోతే మేనేజరు మొయ్యాలి. ఆడికి చిన్న పిల్లలున్నారన్నయ్యా" అంది. నాన్న అలిగి చాలాకాలం ఆ గడప తొక్కలేదు. లైసెన్సు మాత్రం వచ్చింది.

కొనడానికి తోడు నన్ను తీసుకెళ్ళింది. నాకప్పుడే కాలేజీ అయిపోయింది, స్కూటీ నడపడం వచ్చు, నోరు మూసుకుని ఉండటం కూడా వచ్చునని ఆమె నమ్మకం. తుపాకుల దుకాణం సేఠ్ ముసలాయన, మర్యాదస్తుడు. మొదట పిస్తోలు చూపించాడు. పలచగా ఉంటుంది, తూటాలు ఎక్కువ పడతాయి, ఈ రోజుల్లో అందరూ ఇదే అడుగుతున్నారు అన్నాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపల తూటా ఉందో లేదో చూడగానే ఎలా తెలుస్తుందని అడిగింది. మ్యాగజైన్ తీసేసినా గొట్టంలో ఒకటి మిగిలిపోవచ్చు, పైభాగం వెనక్కి లాగి చూసుకోవాలి అని ఆయన చెప్పాడు. అత్త దాన్ని బల్ల మీద పెట్టేసింది. "దీని కడుపులో ఏటుందో దీన్ని కన్నతల్లికే తెలియాల. చక్రం ఉన్నదే చూపించమను" అని నాతో అంది.

అలా రివాల్వర్ల దగ్గరికి వచ్చాం. చక్రం తెరిస్తే కన్నాలన్నీ కనిపిస్తాయి, నిండాయా ఖాళీయా అన్న అనుమానమే ఉండదు. సేఠ్ పొడుగు గొట్టం ఉన్నది ముందు పెట్టాడు. గురి బాగా కుదురుతుంది, చేతికి దెబ్బ తక్కువ తగులుతుంది అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. పొట్టి గొట్టంతో కొంచెం దూరం పోతే గురి తప్పుతుంది, తేలిక తుపాకీ అయితే పేలినప్పుడు మణికట్టు అదిరిపోతుంది. ఇవన్నీ అత్త శ్రద్ధగా విని, ఖాళీ రివాల్వర్‌ని అలాగే చీర రొంటిన దోపుకుని, దుకాణం మధ్యలో గచ్చు మీద గొంతుక్కూర్చుంది. కత్తిపీట ముందు కూర్చున్నట్టు ఒక కాలు మడిచి, ఒక మోకాలు పైకి పెట్టి, లేని కూరగాయలు కోసింది. గొట్టం తొడలోకి గుచ్చుకుంది. లేచి వేరేది తీసుకుంది.

సేఠ్ నవ్వాపుకోలేక, "బహన్‌జీ, రివాల్వర్ లేనా హై యా సబ్జీ కాట్నీ హై?" అన్నాడు. రివాల్వర్ కొనాలా, కూరలు కోసుకోవాలా అని. అత్త కింద నుంచే తల ఎత్తి తన రైల్వే కాలనీ హిందీలో, "దోనో కర్నా హై భయ్యా" అంది. రెండూ చెయ్యాలి అని.

అలా ఎందుకందో ఆయనకి అర్థం కాలేదు గానీ నాకు అర్థమైంది. ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేయొచ్చు కదా అని నేను అంతకుముందే అడిగి ఉన్నాను. అప్పుడు చెప్పింది. "తాళం ఏసిన పెట్టె ఒక్క చోటే ఉంటాది గుంటా. మీ మావయ్య రోజంతా దాని పక్కనే ఉంటాడు. ఆ ఆలోచనలున్నోడికి పెట్టె కళ్ళముందుంటే చాలు. బంకులో పెడదామంటే తాళాలు ఆయన దగ్గరా ఉంటాయి." కాబట్టి అది ఉంటే ఆమె ఒంటి మీదే ఉండాలి. వండినా, ట్యాంకు కొలిచినా, బస్తా మీద కూర్చుని లారీ డ్రైవర్లతో తగువాడినా ఉండాలి. అందుకని బాగా చిన్నది కావాలి, చీరలో కనబడకూడదు, కూర్చుంటే గుచ్చుకోకూడదు, తూటాని కొట్టే వెనక కొక్కెం కొంగుకి తగులుకోకూడదు. కాల్చే మీట మాత్రం గట్టిగా ఉండాలంది. తేలిగ్గా నొక్కుడుపడే మీట మంచిదని సేఠ్ అంటే, నాకు బరువుగా ఉన్నదే ఇయ్యి అంది. చివరికి అరచేతిలో ముప్పాతిక మునిగిపోయే నల్లటిదొకటి తీసుకుంది. శంకర్ నగర్‌లో చెప్పులు కుట్టే ఆయన చేత మీట పూర్తిగా కప్పేలా తోలుసంచి కుట్టించి, నడుముకి తోలు పటకాతో కట్టుకుంది.

రాత్రి పడుకునేటప్పుడు తూటాలు తీసి ఒక చోట, రివాల్వర్ చిన్న ఇనప్పెట్టెలో తన తలాపున, తాళంచెవి మంగళసూత్రాల గొలుసుకి. పొద్దున్నే మళ్ళీ నడుముకి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి తెచ్చుకుని తుడిచి నూనె రాసేది. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదే" అని విసుక్కునేది. దసరాకి ఆయుధ పూజలో మా ఇళ్ళల్లో కత్తిపీట నుంచి స్కూటీ దాకా అన్నిటికీ బొట్లు పెడతాం. రివాల్వర్‌కి కూడా పెట్టమని మా అమ్మ అంటే ఒప్పుకోలేదు. బొట్టు పెడితే నలుగురూ చూస్తారు, చూడకూడని మనిషి కూడా చూస్తాడు అంది. నడుము మీదే, చీర పైనుంచి చిటికెడు పసుపు చల్లుకునేది.

దాన్ని దొంగల మీద ఆమె ఎప్పుడూ తీయలేదు. ఒకసారి రాయపూర్ పక్కనే కట్టిన కొత్త రాజధాని వైపు, ఆ వెడల్పాటి ఖాళీ రోడ్ల మీద, బైకు మీద ఇద్దరు ఆమె జీపు వెంటపడ్డారు. ఆమె తిన్నగా సచివాలయం గేటు దగ్గరికి పోనిచ్చి కాపలావాళ్ళ మధ్య ఆపింది. మరి రివాల్వర్ ఎందుకు మోస్తున్నట్టు అని నేను ఆటపట్టించాను. "తీస్తే కాల్చాల. కాల్చలేనప్పుడు తీయకూడదు. గేటు కనిపించింది, గేటుకి పోయాను. ఇందులో ఏటుంది" అంది.

ఆమె నిశ్చింతగా ఉండేది ఎన్నికలప్పుడే. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి, అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి. మిగతావాళ్ళు మినహాయింపు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఉత్తర్వు రాకముందే అత్త ఠాణా మెట్లెక్కేది. "మేడమ్ ఆ గయీ, మతలబ్ చునావ్ ఆ గయా" అని అక్కడ రాతకోతలు చూసే మున్షీ నవ్వేవాడు. మేడమ్ వచ్చిందంటే ఎన్నికలు వచ్చినట్టే అని. ఆ రోజుల్లో డబ్బు తీసుకెళ్ళడానికి మరో బంకువాళ్ళతో కలిసి ఒకే బండిలో వెళ్ళేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చాప మీద వెల్లకిలా పడుకుని గురకపెట్టేది. పంచాయతీ ఎన్నికలకి కూడా ఇంత సంబరపడే మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఫలితాలు వచ్చాక అందరికంటే ఆఖర్న వెళ్ళి తెచ్చుకునేది.

మావయ్య జబ్బు మళ్ళీ ముదిరిన ఒక వానాకాలం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అత్త కత్తిపీట ముందు ములక్కాడలు కోస్తోంది. మావయ్య వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. వారం నుంచి ఎవరితోనూ మాట్లాడని మనిషి. నెమ్మదిగా అన్నాడు:

"ఏమే, అది ఓసారి చూపించు."

అత్త చెయ్యి ఆగింది గానీ తల ఎత్తలేదు.

"చూపించను."

"ఊరికే చూడ్డానికే."

"చూడ్డానికీ చూపించను. మనసు మళ్ళీ అటు పోతందా?"

మావయ్య గుమ్మం పట్టుకున్నాడు. "పోతంది" అన్నాడు. అత్త తన పక్కన నేల మీద చెయ్యి వేసి, "రా, ఇక్కడ కూకో. పీచు తియ్యి" అంది. ఆయన వచ్చి కూర్చుని ములక్కాడ ముక్కలకి పీచు తీశాడు. అత్త నాకు కళ్ళతో సైగ చేస్తే నేను పక్కగదిలోకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేశాను. ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. మందులు మార్చారు, కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచారు. ఆ పూట అత్త గొంతు ఎక్కడా పెరగలేదు. ఆమె నాకు నేర్పినవాటిలో నేను ఎక్కువ దాచుకున్నది అదే. అలాంటి మాట అడగడానికి భయపడకూడదు, అడిగాక పక్కన కూర్చోబెట్టుకోవాలి.

తర్వాతి ఏళ్ళలో మావయ్య చాలావరకు తేరుకున్నాడు. పంపుల దగ్గర అందరూ ఫోన్లతో చెల్లిస్తుండటంతో నోట్ల వసూలు కూడా తగ్గింది. ఇక తిరిగి ఇచ్చేయరాదా అని నాన్న మళ్ళీ అన్నాడు. లారీలవాళ్ళు ఇంకా నోట్లే ఇస్తున్నారు, వచ్చే ఏడు చూద్దాం అంది. వచ్చే ఏడు చూడకుండానే వెళ్ళిపోయింది. నడుముకి ఒక పక్క పటకా ఒరుసుకుని నల్లటి కాయ కాసింది. ఆఖరి స్నానం చేయిస్తూ అది చూసి మా అమ్మ బావురుమంది.

కర్మకాండలయ్యాక ఠాణా నుంచి పిలుపొచ్చింది. లైసెన్సుదారు చనిపోయింది కాబట్టి ఆయుధం ఏం చేయాలో వారసుడు వచ్చి చెప్పాలట. మావయ్య తనే వస్తానన్నాడు. నాకు ఇష్టం లేదు. ఆయన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు, ఇంక నేనేం చేయను.

మున్షీ అత్తని తలుచుకుని కాసేపు బాధపడ్డాడు. తర్వాత గుడ్డమూట విప్పి, నంబరు సరిచూసుకోమని రివాల్వర్‌ని బల్ల మీద మావయ్య వైపు జరిపాడు. మావయ్య వంగి దాన్ని చూశాడు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో, ఒకే మంచం పక్కన ఉన్న వస్తువుని ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఇంత చిన్నదా" అన్నాడు నాతో.

మీ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అమ్మొచ్చు, లేదా ప్రభుత్వానికి ఇచ్చేయొచ్చు అని మున్షీ వివరించి, నంబరు దగ్గరగా చూడమని దాన్ని చేత్తో తీసి అందించబోయాడు. మావయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ముఝే మత్ దేనా" అన్నాడు. నాకు ఇవ్వొద్దు. అని నా వైపు తిరిగి, "నంబరు నువ్వు చూడమ్మా. గవర్నమెంటుకి ఇచ్చీమని చెప్పు" అన్నాడు.

నేను నంబరు చూశాను. ఆయన సంతకానికి మాత్రం కుడిచెయ్యి ముందుకు తెచ్చి, అయిపోగానే మళ్ళీ వెనక్కి పెట్టేసుకున్నాడు. బయటికొచ్చాక, మాత్రలు కూడా ఇక నీ దగ్గరే ఉంచు, రోజూ నేనే వచ్చి వేసుకుని పోతాను అన్నాడు. సరేనన్నాను. ఎండలో ఠాణా ఆవరణ దాటి, గేటు దాటి, స్కూటీ దాకా ఆయన నా ముందు నడిచాడు. చేతులు రెండూ వెనకే, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.