ముందు మన సంచి

విజిల్ ఊదుకుంటూ చెత్తబండి తోసుకొచ్చే ఆమెను వీధంతా విజిలక్క అంటుంది. ముక్కు మీద కోపం, మాటకు మాట అప్పజెప్పే నోరు. ఈమధ్య ఆమె తలకెత్తుకున్న పనికి ఆ నోరు కూడా చాలడం లేదు.

ఊరు పెరిగింది, ఊరి చివర చెత్తగుట్టా పెరిగింది. అక్కడ చెత్తను మోస్తూ కదిలే బెల్టు మీద ప్లాస్టిక్కూ ఇనుమూ ఏరే పని ఆమె మొగుడిది. పోయిన నెల ఎవరో ఎంగిలి మెతుకుల్లో కలిపి పారేసిన గాజుపెంకు గ్లౌజు దాటి అతని అరచేతిని చీల్చేసింది. ఇంకోసారి తెగితే ఆ వేళ్లు ముడుచుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు. కట్టు విప్పగానే అతను మళ్లీ బెల్టు దగ్గరికే వెళ్లాడు.

విజిలక్క పట్టుబట్టింది. తడీ పొడీ వేరు చేయని సంచి బండెక్కదు. గాజూ బ్లేడూ కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. ప్రతి గుమ్మం ముందూ సంచి విప్పి చూస్తోంది.

"వీధులన్నిటి చెత్తా కలిసే కదే బెల్టు మీదికొచ్చేది! నీ ఒక్క వీధి బాగుపడితే ఏమొస్తుంది?" అన్నాడు మొగుడు.

"నా చేతిలో ఉన్నది అదేగా. దాన్ని మాత్రం వదలను."

మేడింటావిడ ససేమిరా అంది. విప్పనివ్వని ఆవిడ సంచిని విజిలక్క రోజూ గుమ్మంలోనే వదిలేసి పోతోంది. చివరికి ఆవిడ వీధిలోకొచ్చి నిలదీసింది.

"మా సంచులన్నీ కెలుకుతున్నావు. బండికి వేలాడుతున్న ఆ సంచి ఎవరిది?"

"మా ఇంటిదేనమ్మా."

"మరి అదెందుకు విప్పవు?"

విజిలక్క నవ్వబోయింది. బండి తోసేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. పొద్దున్నే ఇంటి సంచి బండికి తగిలించి, చివర్లో మిగతా చెత్తలోకి విసిరేస్తారు. సొంత చెత్తను అనుమానించాలని ఎవరికి తడుతుంది? సరేనని ముడి విప్పింది. కూర తొక్కల మధ్య, కాగితమైనా చుట్టని, మొగుడు గడ్డం గీసుకున్న బ్లేడు తళుక్కుమంది.

విజిలక్కకు సిగ్గుకన్నా భయమే ఎక్కువేసింది. అది తిన్నగా అతని చేతికే వెళ్లేది.

"తప్పు మాదేనమ్మా. ఇవాళ మా సంచీ బండెక్కదు," అంది. "మీదీ విప్పందే తీసుకోను."

మేడింటావిడ లోపలికెళ్లి పాత పేపరు తెచ్చింది. "ముందు నీది చుట్టు. తర్వాత నాది చూద్దువుగాని."

ఆ సాయంత్రం మొగుడు రాగానే విజిలక్క అతని రెండరచేతులూ తిప్పి చూసింది. అప్పుడు గానీ ఆమెకు కోపం రాలేదు. బ్లేడు పొట్లం అతని ముందు పడేసింది.

"రేపట్నుంచి వీధి మొదట్లో అందరి ముందూ మన సంచే విప్పుతాను. నన్ను నవ్వులపాలు చేశావో, గడ్డం పెంచుకుని తిరుగుదువుగాని!"