ఎదురింట్లో పెట్టిన ప్రస్థానం

మదీనాగూడలో అమ్మణ్ణి హాస్టల్ ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళే చెప్తారు. బోర్డు మీద ఉన్నది ఏదో దేవుడి పేరు, దాన్ని చదివినవాళ్ళెవరూ లేరు. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు ఆ మూడంతస్తుల ఇంటి నిండా ఉంటారు. అందరికీ ఆవిడ ఆంటీ. పప్పులో ఉప్పెక్కువైందని ముఖం మీద చెప్పే చనువు ఇస్తుంది, చెప్పినవాళ్ళకి ఆ పూట రెండో గరిటె కూడా వేస్తుంది.

అమ్మణ్ణిది కదిరి. భర్త వెంకటరమణ పోయాక ఊరికి వెళ్ళిపోకుండా ఇక్కడే ఇల్లు కిరాయికి తీసుకుని హాస్టల్ పెట్టింది. ధైర్యం గల మనిషే. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో వేగడం కష్టం. గడప పక్కన మేకుకి వేలాడే కేలండర్ చూడకుండా ఏ పిల్లనీ గుమ్మం దాటనివ్వదు. ఇంటర్వ్యూకి బయల్దేరిన పిల్లని దుర్ముహూర్తం పోయేదాకా వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. "మా హెచ్ఆర్‌కి ఇవన్నీ తెలీవు ఆంటీ" అని పిల్లలు మొత్తుకుంటే, "తెలీకనే కదమ్మా ఆ కంపెనీ అట్లుండాది" అంటుంది. ఏం చెప్తారు ఇంక!

ఆ కుర్చీలో అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది తేజస్విని. తల్లి లేని పిల్ల. చదువైపోగానే ఒక్క పెట్టెతో వచ్చి, పెళ్ళయ్యేదాకా ఆ హాస్టల్లోనే ఉంది. జ్వరమొస్తే అమ్మణ్ణి గదిలోనే పడుకునేది. పెళ్ళి చూపులు కూడా హాస్టల్ డైనింగ్ హాల్లోనే జరిగాయి. పెళ్ళికొడుకు భరత్‌కి ఉద్యోగం కౌలాలంపూర్‌లో కావడంతో అక్కడికి కాపురానికి వెళ్ళింది. కడుపుతో ఉందని తెలిసిన రోజు ఫోన్లో ఏడ్చింది. "నాకు భయంగా ఉంది ఆంటీ, నువ్వు రావాలి" అంది. "నిన్ను లోపలికి తీసుకుపొయ్యే గంటకి నీ చెయ్యి పట్టుకోనుంటా, చాలునా?" అంది అమ్మణ్ణి. మాటిస్తే ఆవిడ తప్పే మనిషి కాదు. ఆ వారమే పాస్‌పోర్టుకి పెట్టించి, నెలలు నిండే లెక్క చూసుకుని టికెట్ కూడా కొనిపించింది.

పిల్లల లెక్కలు కేలండర్ వింటాయా? టికెట్‌కి ఇంకా మూడు వారాలుండగా ఒక శనివారం సాయంత్రం భరత్ ఫోన్ చేశాడు. ఉమ్మనీరు తగ్గిందట, సోమవారం పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలట. భరత్ వాళ్ళమ్మకి మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగే స్థితిలో లేదు. "తేజు మిమ్మల్నే అడుగుతోంది ఆంటీ, కుదురుతుందా?" అన్నాడు. "కుదరకపోవడమేంది నాయనా" అని, ఫోన్ పెట్టకుండానే "అనూషా!" అని ఒక్క కేక పెట్టింది.

హాస్టల్లో ఉండే అనూష భీమవరం పిల్ల, కంప్యూటర్లో చురుకు. కూర్చున్న చోటునుంచి లేవకుండా టికెట్ ఆదివారం రాత్రికి మార్పించింది. అమ్మణ్ణి తృప్తిగా కేలండర్ దగ్గరికి వెళ్ళింది. ఆదివారం తూర్పు దిక్కుకి వారశూల లేదు, మంచిదే. కానీ కారు ఎక్కాల్సింది సాయంత్రం అయిదింటికి, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. అక్కడే ఆగిపోయింది.

"ఇంకో గంట ముందే బయల్దేరదామండీ, గొడవుండదు" అంది అనూష.

"అప్పుడు వర్జ్యం మే" అంది అమ్మణ్ణి. "పరవాలేదులే, పొద్దున మంచి గడియలో ప్రస్థానం పెట్టేస్తా."

ఈ కాలం పిల్లలకి చెప్పాల్సి వచ్చింది. బయల్దేరే వేళ మంచిది కానప్పుడు, ముందే ఒక మంచి వేళ చూసి, మనతో తీసుకెళ్ళే సామాన్లో ఒకదాన్ని వేరే వాళ్ళింట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత ఏ వేళకి బయల్దేరినా దోషం అంటదు. దారిలో ఆ వస్తువు తీసుకుని వెళ్ళిపోవడమే, మళ్ళీ మన గడప లోపలికి తేకూడదు.

అందరూ చీరో, చెంబో పెడతారు. అమ్మణ్ణి ఆలోచన అమ్మణ్ణిది. ఇంత దూరం పోతున్నప్పుడు అసలైన వస్తువేంటి? పాస్‌పోర్టు. అది మంచి వేళకి గడప దాటితే అన్నీ దాటినట్టే కదా. ఆదివారం పొద్దున్నే పాస్‌పోర్టు తెరిచి పసుపు తడి ఆరని అక్షింతలు లోపల వేసి, రెండు వక్కలతో కలిపి జిప్పూ తాడూ ఉన్న చిన్న గుడ్డ సంచిలో పెట్టి, తూర్పు వైపు ఎదురింట్లో ఉన్న రేణుక చేతికిచ్చింది.

రేణుకది నానక్‌రామ్‌గూడ. పుట్టి పెరిగిందంతా అక్కడే, ఇప్పుడు అద్దాల మేడల మధ్య ఇరుక్కుపోయిన ఆ పాత ఊళ్ళోనే. అమ్మణ్ణి అంటే ప్రాణం.

"రేణుకా, ఇది యాడంటే ఆడ పెట్టద్దు. నీ కంటి ముందరే ఉండాల."

"ఫికర్ చెయ్యకక్కా. నేన్ జూసుకుంట."

అంత నమ్మకంగా చెప్పింది కాబట్టే అమ్మణ్ణి మళ్ళీ ఆ సంగతి తలుచుకోలేదు. పగలంతా బాలింతకి పెట్టే కాయం నూరుకుంది, నెయ్యి కాచుకుంది, తన తర్వాత వంటింట్లో ఏం చెయ్యాలో పనివాళ్ళకి పదిసార్లు చెప్పింది. కారు వచ్చింది. పెట్టెలు ఎక్కించారు. ఎయిర్‌పోర్టు దాకా తోడొస్తానని అనూష కూడా చెప్పులేసుకుంది. అమ్మణ్ణి నవ్వుతూ ఎదురింటికి వెళ్ళింది.

ఎదురింటికి తాళం వేసుంది.

ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే. కింద ఇస్త్రీ బండి దగ్గరున్నామె చెప్పింది, రేణుక పుట్టింట్లో ఈ రోజు పోచమ్మకి బోనమనీ, మధ్యాహ్నమే బండేసుకుని వెళ్ళిపోయిందనీ. సంచి లోపలుందో, తీసుకెళ్ళిందో ఆమెకేం తెలుసు!

అమ్మణ్ణి అక్కడి మెట్ల మీద కూర్చుండిపోయింది. అల్మారాలో పెట్టుకునుంటే ఈ పాటికి ఔటర్ రింగు రోడ్డు ఎక్కేవాళ్ళు కదా. తేజు అక్కడ ఆస్పత్రి మంచం మీద తలుపు వైపు చూస్తూ పడుకునుంటుంది. "నా చేతులారా చేసుకున్నానమ్మా" అంది. అనూష ఏం తిట్టలేదు, చెయ్యి పట్టుకుని లేపింది. "నానక్‌రామ్‌గూడ మన దారిలోదేనండీ. వెళ్ళి అడుగుదాం, రండి" అంది.

దారంతా కారతను మధ్యలో ఆపితే ఎక్స్‌ట్రా అవుతుందని గొణుగుతూనే ఉన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసుల మధ్యనుంచి పాత ఊరి సందులోకి తిరగ్గానే కారు ముందుకి పోలేకపోయింది. సందు నిండా జనం, చెవులు పగిలేలా డప్పులు. ఫోన్ ఎందుకు ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. ఇద్దరూ దిగి జనంలో దూరారు.

రేణుక కనిపించింది. పట్టుచీర, తల మీద వేపాకులు కట్టిన బోనం, బోనం మీద దీపం. ఒక చెయ్యి పైకెత్తి బోనం పట్టుకుని నడుస్తోంది. మెడలోనుంచి అడ్డంగా వేసుకున్న అమ్మణ్ణి గుడ్డ సంచి, పట్టుచీర మీద, అందరికీ కనపడేలా వేలాడుతోంది.

అమ్మణ్ణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"కండ్ల ముందర ఉండాలంటివి గదక్కా" అంది రేణుక, తల కదపకుండా. "ఇంట్ల వెట్టి తాళమెయ్య మనసొప్పలే. నాలుగింటికే మళ్ళొద్దామనుకున్న, బోనం లేశెవరకు ఆలస్యమైంది. నీ ప్రస్థానం సగం తొవ్వ ముంగటికే తెచ్చిన సూడు."

బోనం తల మీదుండగా మెడలో సంచి తియ్యడం ఎలా? గుడి దాకా ఆగాలంటే ఎంతసేపవుతుందో. అమ్మణ్ణి రేణుక పక్కన అడుగులో అడుగేస్తూ, సంచి జిప్పు లాగి, లోపలికి చెయ్యి పెట్టి పాస్‌పోర్టు తీసుకుంది. సంచీ వక్కలూ రేణుక దగ్గరే ఉండిపోయాయి. ప్రస్థానంలో పెట్టినవి ఇలా సగం వదిలేసి తీసుకోవడం పద్ధతి కాదని ఆవిడకి తెలుసు. "అమ్మా పోచమ్మా, నువ్వే సూసుకో" అని దణ్ణం పెట్టి కారు వైపు పరుగెత్తింది.

ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఇంకాసేపట్లో మూసేస్తారనగా చేరారు. లోపలికి టికెట్ ఉన్నవాళ్ళే పోవాలి కాబట్టి అనూష బయటే ఆగిపోయింది. కౌంటర్ అబ్బాయి పాస్‌పోర్టు తెరిచాడు. జలజలమని అక్షింతలు కీబోర్డు మీద రాలాయి. ఫొటో ఉన్న పేజీ పసుపు పులుముకుని పచ్చగా ఉంది. మిషన్ మీద పెడితే మిషన్ చదవనంది. తుడిచాడు, మళ్ళీ చదవనంది. "మేడమ్, పాస్‌పోర్టు పాడైతే మేం పంపలేం" అన్నాడు.

అమ్మణ్ణి వాదించలేదు. వాదించే ఓపికా లేదు. "నాయనా, అది పాడవలేదు. పసుపంతే. తల్లి లేని బిడ్డకి పొద్దున్నే ఆపరేషన్, నేను పోవాల" అంది. అతను లేచి తన పై ఆఫీసరావిడని పిలుచుకొచ్చాడు. ఆవిడ పేజీని వెలుతురుకి పట్టి చూసింది, గోటితో గీకి చూసింది, తడి టిష్యూ తెప్పించి ఓపిగ్గా అద్దింది. పచ్చదనం పూర్తిగా పోలేదు గానీ అక్షరాలు తేలాయి. మిషన్ చదివింది. "ఈసారి వీసా పేజీల మధ్య పెట్టండి, ఫొటో మీద కాదు" అంది ఆవిడ, నవ్వకుండానే. అమ్మణ్ణి బుద్ధిగా తలూపింది.

సెక్యూరిటీలో నెయ్యి డబ్బా తీసేయించారు. చేతి సంచిలో అంత నెయ్యి పోనివ్వరట. కాయం పొడిని మాత్రం వాసన చూసి వదిలేశారు. ఇంకో రోజైతే ఆ నెయ్యి కోసం అమ్మణ్ణి చిన్నపాటి యుద్ధమే చేసేది. ఆ రోజు డబ్బా అక్కడ పెట్టేసి, వెనక్కి కూడా చూడకుండా నడిచింది.

సోమవారం పొద్దున ఆస్పత్రికి చేరేసరికి తేజస్వినిని అప్పుడే చక్రాల మంచం మీద వరండాలోకి తెస్తున్నారు. భరత్ పెట్టె అందుకున్నాడు. అమ్మణ్ణి చెప్పులు కూడా సర్దుకోకుండా వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"వచ్చేశావా ఆంటీ" అంది తేజు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత గోడ గడియారం వైపు చూసింది. దాని ముల్లు ఎనిమిది దగ్గరుంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. హాస్టల్ వరండా కుర్చీలో కూర్చుని పెరిగిన పిల్ల కదా, అన్నీ కంఠతా వచ్చు. "ఆంటీ, సోమవారం... ఇప్పుడు రాహుకాలం కదా? తొమ్మిదింటిదాకా ఆగమని డాక్టర్ని అడగనా? నువ్వు చెప్తే అడుగుతా."

డాక్టరమ్మ లోపలినుంచి తొందరపెడుతోంది. అమ్మణ్ణి గడియారం వైపు తలెత్తలేదు. తేజు నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"అదంతా మదీనాగూడ టైమమ్మా. ఈడ పనికిరాదు" అంది. "పో తల్లీ. నేనీడనే ఉంటా."

తేజు ముఖం తేటపడింది. మంచం లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకునేదాకా అమ్మణ్ణి అక్కడే నిలబడి, తర్వాత భరత్ చూపించిన బెంచీ మీద కూర్చుంది. దేవుణ్ణి ఏమడిగిందో ఆవిడకే తెలియాలి.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. గుడ్డలో చుట్టిన పసిదాన్ని ముందు ఆంటీ చేతుల్లోనే పెట్టమని తేజు లోపలినుంచే చెప్పి పంపిందట. అమ్మణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తేజుదే, చెవులు మాత్రం భరత్‌వి అని తేల్చింది. ఆ సంబరంలో ఉండగానే రేణుక ఫోన్ చేసింది. పాస్‌పోర్టు కథంతా హాస్టల్లో పిల్లలు చెప్పుకుని నవ్వుతున్నారట, నీ సంచి ఇంకా నా మెడలోనే ఉందక్కా అంది. తర్వాత అసలు సంగతి అడిగింది.

"ఎన్ని గంటలకు వుట్టిందక్కా? మా అయ్యగారిని అడిగి నక్షత్రం జూపిస్త."

అమ్మణ్ణి పసిదాని పిడికిలిలో తన వేలు పెట్టింది. పసిది గట్టిగా పట్టుకుంది.

"నేను గడియారం చూసుకోలేదు రేణుకా" అంది.