చచ్చిన మరమనిషికి వన్స్ మోర్

అంగడి తాత పోయాడని అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు, నేను కడపలో నా గదిలో కూర్చుని ఒక మరమనిషి చేత తిట్లు తిట్టిస్తున్నాను. నా ఉద్యోగమే అది. వేరే భాషలో తయారైన బొమ్మల సీరియల్‌కు తెలుగు మాటలు రాస్తాను.

"పాపా, తాత లేడమ్మా," అంది అమ్మ. "పొద్దున అంగడి తీసి, దేవుని పటానికి ఊదొత్తి ముట్టించి, పీట మీద కూసున్నాడంట. అట్లే ఒరిగిపోయినాడు. నిన్న గూడా ఎవురికో నీ ఇనపోని కత చెప్తాండె."

ఆ చివరి మాటకు ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది. తాత గురించి రాయాలంటే ఆ రెండూ కలిపే రాయాలి.

ఆయన మాకు చుట్టం కాదు. వేంపల్లె బజారులో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు అమ్మే శెట్టి. మా నాయన ఆ అంగడిలో మూటలు మోసేవాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే కాబట్టి, బడి వదిలాక పిల్లను ఏం చేయాలో మా వాళ్లకు తెలియదు. నాయన పని అయ్యేదాకా బెల్లం దిమ్మెల పక్కన గోనెసంచి మీద కూర్చోబెట్టేవారు. అక్కడే నా హోంవర్కు, అక్కడే నా టీవీ. తాత నోట్లో లవంగం పెట్టుకుని, సరుకు తూస్తూ పద్యాలు పాడేవాడు. కరెంటు కాటా వచ్చినా పాత తక్కెడను తీయనివ్వలేదు. రాగం అందుకున్నాడంటే తూచే చెయ్యి ఆగిపోయేది. కొనడానికి వచ్చినవాళ్లు రాగం అయ్యేదాకా నిలబడాల్సిందే.

"శెట్టీ, ఆడ కూర పొయ్యి మీద ఉండాది!" అని ఆడవాళ్లు కేకలేసేవారు.

"కూర మాడితే మళ్లీ వండుకోవచ్చు మ్మే. పద్యం మాడితే యాడ తెస్తావు?" అనేవాడు.

పద్యనాటకమంటే ఆయనకు పిచ్చి. డోన్ వైపు ఎక్కడ నాటకం ఉందని తెలిసినా, అంగడి కోడలికి అప్పజెప్పి బస్సెక్కేవాడు. తిరిగొచ్చాక దాన్నంతా తక్కెడ ముందు నాకు ఆడి చూపించేవాడు. యుద్ధంలో రాజు కూలిపోతూ పద్యం పాడతాడు. జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. చచ్చిన రాజు లేచి, పంచె దులుపుకుని, మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు.

"సచ్చినోడు ఎట్ల లేస్తాడు తాతా?" అని అడిగాను ఒకసారి.

"పద్యం బాగుంటే లేస్తాడు. బాగలేకుంటే నిజంగానే సచ్చినట్ల."

ఇంకో మాట కూడా తరచుగా అనేవాడు. "సూసేటోడు నోరు మూసుకోని కూసుంటే ఆడేటోనికి పానం రాదు పాపా. బాగుంటే ఆడనే అరిసి చెప్పాల. బాగలేకుంటే ఇంటికి పోయినాక చెప్పాల."

బాగలేకుంటే ఇంటికి పోయి చెప్పాలన్న సంగతి ఇంటర్నెట్‌లో ఎవరికీ తెలియదని నాకు తర్వాత అర్థమైంది.

నేను మాటలు రాసే సీరియల్ ఒక నీళ్ల ట్యాంకర్ కథ. అది రోడ్ల మీద తిరగదు, నక్షత్రాల మధ్య తిరుగుతుంది. నీళ్లు లేని గ్రహాలకు నీళ్లు చేరవేస్తుంది. దాన్ని నడిపే ఆమెకు దారి తెలియదు, ఆమె కింద పనిచేసే ముసలి మరమనిషికి నోటి దురుసు. మొత్తం నవ్వులాటే. ఆ మరమనిషి చేత నేను మా యాస మాట్లాడించాను. జనానికి నచ్చింది. చాలామంది అభిమానులయ్యారు, వాట్సాప్ గుంపులు పెట్టుకున్నారు.

ఆ సీరియల్‌లో ఒక భాగం చివర ట్యాంకర్‌కు చిల్లు పడుతుంది. నీళ్లన్నీ ఆకాశంలోకి పోతుంటాయి. మరమనిషి తన ఒంటినే ఆ చిల్లులో కుక్కుకుని, ఒక పాట పాడి, ఆగిపోతాడు. అసలు భాషలో అది అర్థం లేని తమాషా పాట. నేను దాని చోట పద్యం రాశాను. చనిపోతూ పాడమంటే నాకు తెలిసినది పద్యమే మరి.

మరలు సడలె నాకు, మనసు సడలలేదు
మరల వత్తు మీకు మాట యిత్తు

భాగం విడుదలైన సాయంత్రమే అభిమానులు విరుచుకుపడ్డారు. "కార్టూన్‌లో పద్యమేంది సామీ?" అని ఒకరు. "నవ్వుదామని పెట్టుకుంటే నిద్రొచ్చింది," అని ఇంకొకరు. మరమనిషికి కిరీటం, మీసాలు తగిలించి మీమ్‌లు చేశారు. "రాసినోళ్లకు సైన్సు తెలియదు, కామెడీ తెలియదు," అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. మా పని చూసే మేడమ్ ఫోన్ చేసింది. "ఆ పద్యం తీసేసి మామూలు పాట పెట్టిద్దాం. సోమవారం తేలుస్తాను. తర్వాతి భాగాలకు కూడా వేరే వాళ్లను చూడాల్సి వస్తుందేమో," అంది. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. పద్యం పోతే పోయేది పాట ఒక్కటే కాదు. గోనెసంచి మీద కూర్చుని నేర్చుకున్నది లోకంలో పనికిరాదని తేలిపోతుంది.

ఆదివారం వేంపల్లె పోయాను. అంగడి ముందు నిలబడగానే తాత, "ఏం పాపా, మొగం వాడిపోయింది? నీ ఇనపోడు ఏమన్నా అన్న్యాడా?" అన్నాడు. సంగతి చెప్పలేదు. కొత్త భాగం వచ్చిందని మాత్రం చెప్పాను.

"అయితే పెట్టు. మేం సూడొద్దా?"

ఫోన్‌ను అంగడి టీవీకి కలిపాను. మూట దించి నాయన వచ్చాడు. మిరపకాయలకు వచ్చిన ఆడవాళ్లు నిలబడ్డారు. పక్క సైకిల్ షాపు మామ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ట్యాంకర్ కనిపించగానే తాత పకపకా నవ్వాడు. "అదప్పా! మన వీదికి రావాల్సిన ట్యాంకర్ ఆడ తిరుగుతాండాది!"

చిల్లు పడింది. మరమనిషి పద్యం పాడాడు, తల వాల్చాడు. నేను తాత ముఖం చూడలేక బెల్లం దిమ్మెల వైపు చూస్తున్నాను. అప్పుడు తాత తూకపు రాయి తీసుకుని తక్కెడ పళ్లెం మీద ఖంగుమని కొట్టాడు.

"వన్స్ మోర్!"

టీవీలో కథ ముందుకు పోతోంది. తాతకు కోపం వచ్చింది. "ఏయ్, లెయ్ రా! జనం అడుగుతాండాం గదా!"

"మామా, మెల్లగా. బజారంతా సూస్తాంది," అంది కోడలు, కొంగుతో ముఖం దాచుకుంటూ.

"అది టీవీ సేఠ్. నీ మాట యాడ ఇంటాది?" అన్నాడు సైకిల్ షాపు మామ, ఫోన్‌లో ఇదంతా తీస్తూ.

"ఇనకపోతే ఎట్లప్పా? అడిగితే లేయాల. అది పద్దతి!"

నేను ఫోన్ మీద వేలు పెట్టి వెనక్కి జరిపాను. వాలిన తల మెల్లగా పైకి లేచింది. మరమనిషి ఆ చిల్లులోనే నడుము నిటారు చేసి, గొంతు సవరించుకుని, పద్యం అందుకున్నాడు.

"సూడు! లేసినాడు!" తాత పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత అందరూ అరిచారు. జీవితంలో నాటకం చూడని నాయన కూడా అరిచాడు.

సైకిల్ షాపు మామ ఆ వీడియోను తన వాట్సాప్‌లో పెట్టాడు. అది ఎవరి నుంచి ఎవరికి పోయిందో తెలియదు. మర్నాటికి అభిమానుల గుంపుల్లో అంతా అదే. కర్నూలు హాస్టల్ పిల్లలు మంచాలెక్కి "వన్స్ మోర్" అని అరిచి, వెనక్కి తిప్పి, మరమనిషిని లేపుతున్నారు. కడపలో క్షవరం షాపులో సగం గడ్డం నురుగుతో ఒకాయన అరుస్తున్నాడు. గండికోట చూడటానికి పోయిన ఆడపిల్లలు లోయ అంచున కూర్చుని, ఫోన్‌లో పద్యం పెట్టి, గొంతెత్తి అరిచారు. కింద పెన్నా లోయ ఆ మాటను తిరిగి వాళ్లకే అరిచింది. నిద్రొచ్చిందని రాసినవాడే, "వెనక్కి తిప్పి చూశాక ఏడుపొచ్చింది, తాతకు దండం," అని రాశాడు.

మేడమ్ ఫోన్ చేసింది. "పద్యం ఉంటుంది. తర్వాతి భాగాలు కూడా నువ్వే రాయి. అన్నిటిలో మాత్రం పద్యాలు పెట్టకమ్మా!" అని నవ్వింది.

నేను మొదట చెప్పింది తాతకే. అప్పుడే అసలు సంగతంతా చెప్పాను. ఆయన లవంగం నములుతూ విన్నాడు. "నేనేం జేసినా? అడిగినా, అంతే," అని బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. "ఇంగ వాన్ని నిజంగా ఎప్పుడు లేపుతావు?"

"మాట ఇచ్చినాడు గదా తాతా, వచ్చే భాగంలో వస్తాడు."

"సాలు," అన్నాడు.

అమ్మ ఫోన్ వచ్చినప్పుడు నేను రాస్తున్నది తిరిగొచ్చిన మరమనిషి తిట్లే.

కర్మ అయ్యాక అంగడి మళ్లీ తెరిచారు. పీట మీద కోడలు కూర్చుంది. నేను పోయేసరికి సైకిల్ షాపు మామ అడుగుతున్నాడు, "అక్కా, ఆ బొమ్మల కత ఒకసారి పెట్టిచ్చు." పెట్టాను. బజారు వాళ్లు చాలామంది వచ్చారు. చిల్లు పడింది, పద్యం అయింది, తల వాలింది. ఎవరూ నోరు తెరవలేదు. ముందు అరిచేది ఎప్పుడూ ఆయనే. అందరి చూపూ పీట వైపు పోయింది.

మెల్లగా, మెల్లగా అని తాతను జీవితమంతా మందలించిన ఆ కోడలు కళ్లు తుడుచుకుంది. రాయి తీసుకుని పళ్లెం మీద ఖంగుమని కొట్టింది.

"వన్స్ మోర్!"

బజారంతా అందుకుంది. నేను వేలు పెట్టి వెనక్కి జరిపాను. మరమనిషి తల ఎత్తాడు. వాడు పద్యం అందుకునేసరికి కూడా, పీట ముందు ఆ పాత తక్కెడ ఇంకా ఊగుతూనే ఉంది.