ఎత్తి తాగిన రాగి జావ

2020 వేసవిలో నేను జర్మనీలోని ఒక పెద్ద విమానాశ్రయంలో, ఒక విమాన సంస్థకి డ్యూటీ మేనేజర్‌గా ఉన్నాను. రిటైర్మెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. డ్యూటీ మేనేజర్ అంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. విమానం తలుపు మూసేదాకా వచ్చే ప్రతి పేచీకీ జవాబు చెప్పాల్సింది నేనే. కానీ సెక్యూరిటీ తనిఖీ మాత్రం నా చేతిలో ఉండదు, అది వేరేవాళ్ళ రాజ్యం. ప్రయాణికుల భాష వాళ్ళకి అర్థం కాకపోతే ఫోన్ చేసి పిలుస్తారు, వెళ్ళి దుబాసీ పని చేసి రావాలి. తెనాలిలో పుట్టినా ముప్ఫై ఏళ్ళకి పైగా జర్మన్ మాట్లాడుతున్నదాన్ని, నాకు రాని మాట లేదనుకునేదాన్ని.

మామూలు విమానాలు ఆగిపోయి, అప్పుడప్పుడు ఒక ప్రత్యేక విమానం మాత్రమే ఇండియాకి బయలుదేరే రోజులవి. ముందే తయారైన జాబితాలో పేరుంటేనే సీటు. ఆ రోజు ఎక్కలేకపోతే మళ్ళీ ఎప్పుడో మాకూ తెలిసేది కాదు. విమానంలో వేడి భోజనం ఎత్తేశారు. సీటు మీద ముందే ఒక చల్లటి డబ్బా పెట్టేవాళ్ళం, అందులో ఒక బన్ను, బిస్కెట్లు, నీళ్ళ సీసా. పసిపిల్లలకనీ, పాలు పడనివాళ్ళకనీ విడిగా ఇచ్చే భోజనాలు కూడా లేవు. అందుకని మేమే ఫోన్ చేసి, మీ తిండి మీరే తెచ్చుకోండని చెప్పేవాళ్ళం.

మనవాళ్ళకి ఆ మాట వేరే చెప్పాలా! పులిహోర, చపాతీలు, సకినాలు, అరిసెలు దిగేవి. గట్టి పదార్థాలకి అడ్డు లేదు. ద్రవాలూ, ముద్దగా ఉండేవీ అయితే డబ్బా వంద మిల్లీలీటర్లు దాటకూడదు. ఆవకాయలో ముక్క గట్టిదే కదా అని డెగ్గెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చదివే అమ్మాయి ఒకతె పావుగంట వాదించింది. మరి నూనె సంగతేంటని అడిగేసరికి పాపం ఓడిపోయింది. పసిపిల్లల ఆహారానికి మాత్రం మినహాయింపు ఉంది. ప్రయాణానికి సరిపడా తీసుకెళ్ళనిస్తారు, అనుమానం వస్తే పెద్దవాళ్ళెవరైనా ఒక గుక్క తాగి చూపించమంటారు.

ఒక ఉదయం ఆ గుక్క దగ్గరే తగాదా వచ్చింది. గేటు మూయడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలున్నాయనగా నాకు ఫోన్ వచ్చింది. పరుగున వెళ్ళాను. తనిఖీ బల్లకి ఒక పక్క అక్కడి తనిఖీ అధికారిణి ఫ్రావ్ బెకర్, ఫ్రావ్ అంటే శ్రీమతి. ఇంకో పక్క ఇల్మెనౌ అనే ఊరినుంచి వచ్చిన మాధవి, ఆమె చంకలో పధ్నాలుగు నెలల బాబు, పక్కన వాళ్ళ అమ్మ లక్ష్మమ్మగారు. ఆవిడది కరీంనగర్ వైపు. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయారు. ఒక స్టీలు సీసాని ఆవిడ రెండు చేతులా గుండెకి అదుముకుని నిలబడ్డారు.

జరిగిందేమిటంటే, బాబుకి పాలు పడవు. పాల చుక్క తగిలినా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. వాడికి దారంతటికీ ఆధారం ఆ సీసాలోని రాగి జావే. ఫ్రావ్ బెకర్ తాగి చూపించమంది. మాధవి మాస్కు దించి సీసా నోటి దగ్గర పెట్టుకోబోయింది. అంతే, లక్ష్మమ్మగారు లటుక్కున లాక్కున్నారు.

"పోరడు తాగేదాన్ని ఎంగిలి జేస్తవా? నీకు దగ్గు తగ్గి పది దినాలు గాలె!"

నేను వెళ్ళాక కూడా ఆవిడది అదే మాట. టెస్టులో నెగెటివ్ వచ్చిందని మాధవి చెబుతూనే ఉంది, పెద్దావిడ వింటేగా. ఫ్రావ్ బెకర్‌కి ఇదంతా ఎలా కనిపిస్తుంది? తాగమనగానే సీసా దాచేశారు. ఆవిడేమంటోందని నన్ను అడిగింది. నేను మహా పండితురాల్లా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎంగిలికి 'ఉన్‌రైన్' అని తర్జుమా చేసేశాను. అంటే మలినం అన్నమాట.

ఫ్రావ్ బెకర్ రెండడుగులు వెనక్కి వేసింది. సీసాలో ఉన్నది కలుషితమా అని గట్టిగా అడిగి, పోలీసులకి ఫోన్ ఎత్తింది. పోలీసులు వస్తే కనీసం గంట పడుతుంది. ఈ లోపల గేటు మూస్తారు, వీళ్ళ పెట్టెలు వెతికి దింపేస్తారు. జావని వదిలేసి ఎక్కుదామంటే, దారిలో పిల్లాడికి పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. చేసిన తప్పు నాది, అనుభవించేది ఆ పసివాడు.

ఆగమని చెయ్యి అడ్డం పెట్టాను. ఈసారి మాటకి మాట వెతుక్కోలేదు. జావ శుభ్రంగానే ఉందని చెప్పాను. ఒకళ్ళ నోరు తగిలిన తిండిలో ఉమ్మి కలుస్తుందనీ, అది ఇంకొకళ్ళకి, అందులోనూ పసివాడికి, పెట్టకూడదని మా ఇళ్ళల్లో పట్టింపనీ, మీరూ నేనూ ఇప్పుడు మాస్కు పెట్టుకున్నది కూడా ఆ ఉమ్మి తుంపరల కోసమే కదా అనీ చెప్పాను. ఫ్రావ్ బెకర్ ఫోన్ దించింది. "ఆహ్ సో," అంది, ఓహో అదా సంగతి అన్నట్టు. పట్టింపు అర్థమైంది, మరి పరీక్ష మాటేమిటంది. కాస్త పోసుకుని తాగడానికి పేపరు కప్పులుంటే గొడవే ఉండేది కాదు, కానీ కరోనా అని ఆ కప్పులన్నీ అక్కడినుంచి తీసేశారు.

అప్పుడు చేశాను, వచ్చీ రాగానే చెయ్యాల్సిన పని. ఏం చేద్దాం అక్కయ్యా అని లక్ష్మమ్మగారినే అడిగాను.

"నన్నెవరన్న అడిగిన్రా చెల్లె? తాగుమంటే ఎత్తుకోని తాగనా?"

మాస్కు దించారు. మూత తీసి, తల వెనక్కి వాల్చి, సీసాని జానెడు ఎత్తున పట్టుకుని వంచారు. జావ సన్నటి ధారగా నేరుగా నోట్లో పడింది. ఒక గుక్క, రెండు, మూడు. అంచుకి పెదవి తగల్లేదు, చీర మీద చుక్క పడలేదు. మూత బిగించి, మాస్కు ఎక్కించుకుని, చాలా ఇంకా తాగాలా అన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

ఫ్రావ్ బెకర్ కళ్ళు మాస్కు పైనుంచే నవ్వాయి. సీసాకి స్టిక్కరు అంటించి పంపేసింది. మర్నాటినుంచి ఆ బల్ల దగ్గర, ఒక్కొక్కటీ విడిగా చుట్టిన పేపరు కప్పులు పెట్టించింది కూడా. ఎవరూ చెప్పకుండానే చేసింది. ఆమెకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

గేటు దాకా వాళ్ళని నేనే పరిగెత్తించాను. తలుపు దగ్గర లక్ష్మమ్మగారు సంచిలోంచి ఒక అల్యూమినియం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. ప్రయాణికుల దగ్గర ఏమీ తీసుకోకూడదని మా నిబంధన. ఆ మాటే చెప్పాను. "పులిహోర. ఎవ్వరు ముట్టలే, తిను చెల్లె," అన్నారు. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. మార్చినుంచి నేను ఎవరింటికీ వెళ్ళలేదు, నా ఇంటికి ఎవరూ రాలేదు. మరొకరి చేతి వంట తిని నాలుగు నెలలైంది. నిబంధనని పక్కన పెట్టి, స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాను. కళ్ళు చెమర్చాయి, మిరపకాయ మీదకి నెట్టేశాను.

తరవాత కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కేసే చెప్పేదాన్ని. ప్రయాణికులు ఒక వస్తువు ఇవ్వనంటే, దాన్ని దేన్నుంచి కాపాడుతున్నారో ముందు అడగండి, అదీ వాళ్ళనే అడగండి అని. ఎంగిలిని జర్మన్‌లో ఏమంటారని ఎవరైనా అడిగితే తెలియదంటాను. నీళ్ళ సీసా ఎత్తి తాగి చూపిస్తాను.