పంక్తిలోంచి నాయన లేచిన తీరు

ఈ రోజు మా కులదేవత పూజ భోజనాల్లో నాయన నేల మీదే కూర్చున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. పోయిన ఏడు మోకాళ్ళ నొప్పితో పంక్తికి దూరంగా, కుర్చీలో తిన్నాడు. ఆ నామోషీ పోగొట్టాలని, తుడియలూరులో నేను పనిచేసే పంపుల వర్క్‌షాపు వెనక ఆరు నెలలుగా ఆయన చేత బరువులు ఎత్తించాను, బస్కీలు తీయించాను.

తిన్నాక ఆకు మడిచి, చేయి ఊనకుండా లేచాడు.

"ఏమి రా తంబీ, మోకాళ్ళు కొత్తవి మార్పించుకొంటివా?" అంది అత్త.

"లేదక్కా. బడి ఎగ్గొట్టినాడని నా కొడుకుని తిడతా ఉంటినే, వాడే ఇప్పుడు నాకు పాఠం చెప్పే వాద్యారు."

సాంబారు బకెట్టుతో నిలబడిపోయాను, వడ్డించడం మరిచి.

రేపటి నుంచి అత్త కూడా వస్తుందట. మీ ఇంట్లో చేయి ఊనకుండా నేల మీంచి లేచే పెద్దవాళ్ళు ఎవరో చెప్పండి. లేవలేనివాళ్ళను నా దగ్గరికి పంపండి.